ఒకే మోల్డ్, వేరే రంగు: ట్రాన్స్‌ఫార్మర్స్ రీపెయింట్లలో మంచిదేదో తేల్చేదెలా?

అచ్చు_మేస్త్రి (చర్చ ప్రారంభం)

వాహనం నుంచి రోబోగా మడిచి మార్చే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల్లో రీపెయింట్ల (పాత మోల్డ్‌కే, అంటే అచ్చుకే, వేరే రంగులిచ్చి తెచ్చిన బొమ్మల) ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఇక్కడ మాట రెండు ముక్కలతో తెగిపోతోంది. ఒకరు రంగులు బాగున్నాయంటారు, ఇంకొకరు పాత సరుకుకే కొత్త రంగు వేసి మళ్లీ మన నెత్తిన రుద్దుతున్నారంటారు. ఈ రెండింటిలో ఏదీ బొమ్మను చేతిలోకి తీసుకుని, విప్పి, మడిచి, చూసి చెప్పిన మాటలా ఉండదు. నేను చర్లపల్లిలో ఇంజెక్షన్ మోల్డింగ్ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి నా చూపు ముందుగా ప్లాస్టిక్ మీదికే పోతుంది. ఆ వైపు నుంచి కొన్ని మాటలు పెడుతున్నాను, మిగతావారు తమ లెక్కలు చెప్పండి.

రీపెయింట్ అనేది ఈమధ్య పుట్టిన పొదుపు ఉపాయం కాదు. 1984లో అమెరికా బొమ్మల సంస్థ హాస్‌బ్రో ట్రాన్స్‌ఫార్మర్స్‌ను మొదలుపెట్టినప్పుడే జపాన్‌లోని టకారా వారి డయాక్లోన్, మైక్రో చేంజ్ శ్రేణుల మోల్డ్‌లను తీసుకుని మొదలుపెట్టింది. ఆ ఏడాదే ఒక్క ఎఫ్-15 విమానం మోల్డ్ మూడు పేర్లతో దుకాణాలకు వచ్చింది: బూడిద రంగు స్టార్‌స్క్రీమ్, నీలి థండర్‌క్రాకర్, నలుపు మీద ఊదా వేసిన స్కైవార్ప్. నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ కారు మోల్డ్ పోలీసు కారుగా ప్రౌల్ అయింది, వెండి రంగులో బ్లూస్ట్రీక్ అయింది, మరుసటి ఏడాది కొద్ది మార్పులతో స్మోక్‌స్క్రీన్ అయింది. అంటే ఈ శ్రేణి పుట్టుకలోనే రీపెయింట్ ఉంది. దాన్ని తక్కువ జాతి బొమ్మగా చూడడంలో అర్థం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. బొమ్మలోని భాగాలను ఒక్కొక్కటిగా విడిగా పోయరు. కొన్నింటిని కలిపి ఒకే మోల్డ్‌లో, ఒకే రన్నర్ (కరిగిన ప్లాస్టిక్ పారే కాలువ) మీద, ఒకే షాట్‌లో (ఒక్క పోతలో) పోస్తారు. ఆ షాట్‌లోకి ఏ రంగు దానా (ప్లాస్టిక్ గింజలు) వెళ్తే ఆ భాగాలన్నీ అదే రంగులో వస్తాయి. ఏ భాగం ఏ భాగంతో కలిసి రావాలో మొదటి పాత్ర కోసం మోల్డ్ చెక్కినప్పుడే తేలిపోతుంది, తర్వాత మార్చడం ఖర్చుతో కూడిన పని. ఉదాహరణకు ముంజేయి, మోకాలు ఒకే రన్నర్ మీద ఉన్నాయనుకుందాం. మొదటి పాత్రకు రెండూ తెలుపే కాబట్టి ఇబ్బంది రాదు. రెండో పాత్రకు ముంజేయి నల్లగా, మోకాలు ఎర్రగా కావాలంటే రెండింటిలో ఒకదానికి పెయింట్ వేయక తప్పదు. ఆ పెయింట్ దేని మీద పడుతుంది, రాపిడి తగిలే కీలు మీదనా, చెయ్యి తగలని ఛాతీ మీదనా అన్నది రీపెయింట్ డిజైనర్ నిర్ణయం. అతని పనితనమంతా ఈ ఇరుకులోనే బయటపడుతుంది.

అందుకే నేను రీపెయింట్‌ను చూసినప్పుడు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: రంగు ప్లాస్టిక్‌లో ఉందా, పైపూతలో ఉందా? పైపూత ఉంటే అది కీళ్ల మీద ఉందా, కదలని చోట ఉందా? రంగుల పొంతన, పాత్ర, కథ అన్నీ దీని తర్వాతే వస్తాయని నా అభిప్రాయం.

నీలిగద్ద

మేస్త్రి గారూ, రన్నర్ల సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు, ఆసక్తిగా చదివాను. అయితే దాన్ని మొదటి కొలమానం చేయడానికి మాత్రం నేను ఒప్పుకోలేను. రీపెయింట్ మొదట చేయవలసిన పని, ఇది వేరే వ్యక్తి అని గదికి అటు చివర నిలబడి చూసినవాడికి కూడా తెలియజేయడం. స్కైవార్ప్‌ను చూడండి. మోల్డ్‌లో గీత కూడా మారలేదు, అయినా స్టార్‌స్క్రీమ్ పక్కన నిలబెడితే వాళ్లిద్దరినీ ఎవరూ ఒకరనుకోరు. 1985లో వచ్చిన రామ్‌జెట్, థ్రస్ట్, డర్జ్‌లకు రెక్కలు మార్చారు కాబట్టి వాటిని రీటూల్ అనాలి గానీ రీపెయింట్ అనకూడదు. రెక్కలు మార్చకుండా, కేవలం రంగుతో అంత ఎడం తేగలగడమే కష్టమైన పని.

ఇంకో ఉదాహరణ బీస్ట్ వార్స్ (జంతువులుగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ శ్రేణి) నుంచి ఇస్తాను. 1996లో చీటోర్ పసుపు ఒంటి మీద మచ్చలతో చిరుతగా వచ్చాడు. అదే మోల్డ్‌కు తెలుపు రంగిచ్చి నల్ల చారలు గీసి టైగట్రాన్ అనే పులిని చేశారు. ఒళ్లు చిరుతదే, కానీ చారలు పడేసరికి కళ్లు పులినే చూస్తాయి. టరాంట్యులస్ మోల్డ్‌లోంచి బ్లాక్‌అరాక్నియా కూడా ఇలాగే పుట్టింది. ఆ రెండు పాత్రలూ టీవీ ధారావాహికలో సొంత కథలున్న పాత్రలుగా నిలిచాయంటే దానికి పునాది వేసింది రంగే. టైగట్రాన్ చారలు పైపూత కాబట్టి మీ లెక్కలో మార్కులు తగ్గుతాయా?

అచ్చు_మేస్త్రి

తగ్గవండీ, ఎందుకంటే నేను పెయింట్ వద్దనలేదు, పెయింట్ ఎక్కడ పడిందని అడుగుతున్నాను. టైగట్రాన్‌లో మూలమైన తెలుపు దానాలోనే ఉంది. చారలు ఒంటి పైభాగాన ఉన్నాయి. చేతిలో ఆడినప్పుడు చారల అంచులు కొంత అరగవచ్చు గానీ కీలు తిప్పగానే తెల్లటి పొడి రాలదు. నా కొలమానానికి మీ ఉదాహరణ సరిగ్గా సరిపోతుంది.

నాకు నచ్చనిది ఇందుకు విరుద్ధమైన పని. నల్లటి బంతి కీలుకు పసుపు పూసి, దాన్ని బిగుతుగా ఉన్న గుంటలోకి నొక్కి అమ్ముతారు. మొదటిసారి తిప్పేసరికే బంతి మీద నల్లటి ఉంగరం పడుతుంది, గుంటలో పసుపు ముద్ద చేరుతుంది, దాంతో కీలు మరింత బిగుసుకుని చివరికి గుంట చిట్లుతుంది. ఫొటోలో ఎంత అందంగా ఉన్నా ఆ బొమ్మ మడవడానికి పనికిరాదు. మడవలేని ట్రాన్స్‌ఫార్మర్‌ను మంచి రీపెయింట్ అని నేను అనలేను.

వైజాగ్_గరాజ్

నేను కార్లుగా మారేవాటినే ఎక్కువగా కొంటాను. మీరిద్దరూ వదిలేసిన విషయం అద్దాలు. చాలా కారు బొమ్మల్లో కిటికీలు, పైకప్పు కలిపి ఒకే పారదర్శక ప్లాస్టిక్ ముక్కగా పోస్తారు. ఆ ముక్క మీద కిటికీలను వదిలేసి పైకప్పుకు, స్తంభాలకు మాత్రం పెయింట్ వేస్తారు. పక్కనే ఉన్న డోరు మాత్రం రంగు దానాతో పోసినది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద రెండూ ఒకే ఎరుపులా ఉంటాయి. వరండాలోకి తెచ్చి పగటి వెలుగులో పట్టుకుంటే డోరు ఒక ఎరుపు, పైకప్పు ఇంకో ఎరుపు అని తేలిపోతుంది. డోరు ఎరుపులో కాస్త లోతు ఉంటుంది, వెలుతురు కొంచెం లోపలికి దిగి వస్తుంది. పెయింట్ ఎరుపు పైపైనే ఆగిపోయి సుద్దలా కనిపిస్తుంది.

రీపెయింట్‌లో ఇది మరింత ముదురుతుంది. ముదురు రంగుకు ఒక్క పూత చాలు. పసుపు, తెలుపు రంగులకు కింది ప్లాస్టిక్‌ను కప్పే శక్తి తక్కువ కాబట్టి రెండు మూడు పూతలు కావాలి, ఖర్చు తగ్గించుకుంటే అంచుల దగ్గర పైకప్పు పాలిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎర్రకారు మోల్డ్‌ను పసుపుగా మార్చినప్పుడు నేను మొదట చూసేది కిటికీ స్తంభాలనే. అక్కడ రంగు నిండుగా ఉంటే మిగతా అంతా శ్రద్ధగా చేసినట్టే.

2003లో మొదలైన బైనల్‌టెక్ శ్రేణిలో ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే టకారా ఆ కార్ల పైభాగాలను లోహంతో పోసి మొత్తానికి కారు పెయింట్ వేసింది. అదే మోల్డ్‌లతో హాస్‌బ్రో తెచ్చిన ఆల్టర్నేటర్స్ పూర్తిగా ప్లాస్టిక్. సుబారు ఇంప్రెజాను ర్యాలీ రంగుల్లో స్మోక్‌స్క్రీన్‌గానూ, మామూలు వీధి కారుగా సిల్వర్‌స్ట్రీక్‌గానూ (టకారా శ్రేణిలో పేరు స్ట్రీక్) రెండు శ్రేణుల్లోనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే కారుకు లోహం మీద పెయింట్, ప్లాస్టిక్ మీద పెయింట్ ఎలా వేరుగా కనిపిస్తాయో అర్థమవుతుంది. లోహపు అంచుల్లో పెయింట్ పెచ్చులూడడం వేరే బాధ, అది మరోసారి.

డాలస్_వాసి

అందరికీ నమస్కారం. మీరంతా కర్మాగారం వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను ఇక్కడ అమెరికాలో సమావేశాలకు వెళ్లి సేకర్తలతో మాట్లాడినంతలో, వాళ్లు రీపెయింట్‌లో వెతికేది వంశం. ఈ రంగులు ఎక్కడి నుంచి వచ్చాయి అన్నదే మొదటి ప్రశ్న.

డయాక్లోన్ రోజుల్లో కౌంటాష్ కారు ఎరుపులోనే కాక పసుపులోనూ వచ్చింది. హాస్‌బ్రో ఎరుపును తీసుకుని సైడ్‌స్వైప్ చేసింది, పసుపును వదిలేసింది. ఏళ్ల తర్వాత జపాన్‌లోని ఈ-హాబీ దుకాణం ఆ పసుపుకు టైగర్‌ట్రాక్ అని పేరుపెట్టి ప్రత్యేకంగా అమ్మింది. ఎర్రటి కార్వెట్‌కు రోడ్ రేజ్ అనే పేరు కూడా ఇలాగే వచ్చింది. అదే కారైన, మనకు తెలిసిన ట్రాక్స్ మాత్రం నీలం. తర్వాత సేకర్తల కోసం చేసే మాస్టర్‌పీస్ (ఎంపీ) శ్రేణిలో ఎంపీ-12 ల్యాంబర్‌కు (సైడ్‌స్వైప్‌కు జపాన్‌లో పేరు) ఎంపీ-12టీ టైగర్‌ట్రాక్ జతగా వచ్చింది. కొత్తవాడికి అది పసుపు సైడ్‌స్వైప్. తెలిసినవాడికి మాత్రం 1980ల తొలినాళ్లలో జపాన్ దుకాణాల్లో ఉన్న ఒక కారు మళ్లీ చేతికి రావడం.

అభిమానుల సమావేశాల ప్రత్యేక బొమ్మల సంగతీ అంతే. 1994లో జరిగిన మొదటి బాట్‌కాన్ ప్రత్యేక బొమ్మ బ్రేక్‌డౌన్. జనరేషన్ 2 శ్రేణి రంగుల్లో స్టంటికాన్ల జట్టును దుకాణాల కోసం సిద్ధం చేసి ఆపేశారు. అందులోని ఒక్క కారు మాత్రం ఆ సమావేశం ద్వారా బయటికొచ్చింది. రంగు పూత నాణ్యత ఎలా ఉందని దాన్ని ఎవరూ అడగరు. 2008 బాట్‌కాన్‌లో షాటర్డ్ గ్లాస్ అనే తలకిందుల లోకం మొదలైంది, అక్కడ మంచివాళ్లు చెడ్డవాళ్లు తారుమారవుతారు. మామూలుగా మంచివాళ్ల నాయకుడైన ఆప్టిమస్‌ను ఊదా రంగులో చూడగానే ఆ కథంతా గుర్తొస్తుంది. మేస్త్రి గారి ప్రశ్నలో దీనికి చోటెక్కడ?

అచ్చు_మేస్త్రి

డాలస్_వాసి గారూ, చోటుంది గానీ అది వేరే ఖాతాలో ఉంది. మీరు చెప్పినవన్నీ ఒక బొమ్మ ఎందుకు కావాలనిపిస్తుందో చెబుతాయి. ఆ బొమ్మ బాగా చేశారా లేదా అన్నది చెప్పవు. ఆ రెండు ఖాతాలూ కలిపేయడం వల్లే వంశం గొప్పదైన ప్రతి రీపెయింట్‌కూ పొగడ్తలు దక్కుతున్నాయి, వంశం లేని మంచి రీపెయింట్‌ను ఎవరూ పట్టించుకోవడం లేదు.

వంశం లేకపోయినా గెలిచిన బొమ్మ ఒకటి నా దగ్గరే ఉంది: 2001 రోబోట్స్ ఇన్ డిస్గైజ్ శ్రేణిలోని స్కర్జ్. జపాన్‌లో దాన్ని 2000లో బ్లాక్ కాన్వాయ్ పేరుతో (ఆప్టిమస్‌ను అక్కడ కాన్వాయ్ అంటారు) అమ్మారు. మోల్డ్ 1995 నాటి లేజర్ ఆప్టిమస్ ప్రైమ్‌ది, వెనక ట్యాంకర్ ఉన్న లారీ. దాన్ని నలుపు చేసి, ఎక్కడ చూపు నిలవాలో అక్కడ మాత్రం నీలిపచ్చ రంగు చూపించారు. నలుపు ఎంచుకోవడంలోనే ఒక తెలివి ఉంది: నల్ల దానా మోల్డ్‌లోని గేటు మచ్చలను (ప్లాస్టిక్ లోపలికి దిగిన చోటి గుర్తులను), చిన్న చిన్న అతుకు గీతలను దాచేస్తుంది, కాబట్టి అప్పటికే వాడిన మోల్డ్ కూడా కొత్తదానిలా కనిపిస్తుంది. నలుపుతో ఒక ప్రమాదమూ ఉంది, ముదురు ప్లాస్టిక్‌ను వంచితే వంగిన చోట తెల్లటి చార పడుతుంది. తెల్ల బొమ్మలో ఆ చార కనపడదు, నల్లబొమ్మలో దాచలేం. ఎవరైనా వాడిన స్కర్జ్ కొంటుంటే సన్నటి పలకలు వంగే చోట్ల ఈ తెల్లచారల కోసం వెతకండి.

నీలిగద్ద

స్కర్జ్‌కు వంశం లేదనడం సగం నిజం. అది వచ్చాక నల్ల ఆప్టిమస్ అంటేనే ఒక వంశం ఏర్పడింది. తర్వాత వచ్చిన నెమెసిస్ ప్రైమ్‌లన్నీ, మాస్టర్‌పీస్ ఎంపీ-10బీతో సహా, ఆ నీడలోనివే. మంచి రీపెయింట్ తన తర్వాతివాటికి కొలమానమవుతుంది.

ఆప్టిమస్ తెల్లరంగు కథ ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. అల్ట్రా మాగ్నస్ తొలి బొమ్మలో లోపలి లారీ తెల్లటి ఆప్టిమస్సే, దాని మీద ట్రైలర్‌ను కవచంలా తొడుగుతారు. 1986 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో ఆ తెల్లవాడు కనిపించడు, కవచంతో ఉన్న రూపమే మాగ్నస్. మాస్టర్‌పీస్‌లో ఎంపీ-02 అన్నది ఎంపీ-01 కాన్వాయ్‌కు తెల్లరంగు వేసిన మాగ్నస్. తర్వాత ఎంపీ-22లో లోపల వేరే రోబో లేకుండా సినిమా రూపాన్ని కొత్త మోల్డ్‌లో పోశారు. మరి ఎంపీ-02ను మాగ్నస్‌గా మంచి రీపెయింట్ అనాలా, తెల్ల ఆప్టిమస్‌గా మంచి రీపెయింట్ అనాలా? నా మట్టుకు అది రెండోది. మాగ్నస్ అని చెప్పి అమ్మినప్పుడు అది తన పని పూర్తి చేయలేదు.

ఎంపీ-03 స్టార్‌స్క్రీమ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2006లో టకారా దాన్ని బూడిదపచ్చ రంగులో, నిజమైన యుద్ధవిమానంలా తెచ్చింది. రూపకల్పనలో షోజి కవామొరి పాత్ర ఉంది. మరుసటి ఏడాది హాస్‌బ్రో అదే మోల్డ్‌ను టీవీలో చూసిన బూడిద, ఎరుపు, నీలం రంగుల్లో తెచ్చింది. ఒకే పాత్ర, ఒకే మోల్డ్, రెండు రంగుల తీర్పులు. సేకర్తలు ఈ రోజుకూ రెండు పక్షాలుగా వాదించుకుంటారు.

వైజాగ్_గరాజ్

నేను బూడిదపచ్చ పక్షం. ఆ మోల్డ్ మీద పలకల గీతలు, చిన్న చిన్న మూతలు అన్నీ నిజం విమానం కొలతలతో చెక్కారు. మందమైన టీవీ రంగులు పడితే ఆ గీతలన్నీ వృథా అవుతాయి. రంగు మోల్డ్‌తో మాట్లాడాలి. సాదా మోల్డ్‌కు సాదా రంగులు, గీతలు నిండిన మోల్డ్‌కు మసక రంగులు.

నీలిగద్ద

స్టార్‌స్క్రీమ్ అహంకారి. అతనికి మసక రంగేమిటండీ! ఎర్రగా, నీలంగా అందరి కళ్లలో పడాలి. ఎంపీ-11లో టకారా కూడా చివరికి టీవీ రంగుల దారికే వచ్చిందని గుర్తుచేస్తున్నాను.

పాత_డబ్బా

రుచుల సంగతి మీరు తేల్చుకోండి. నేను 1980ల బొమ్మలు, డబ్బాతో సహా, కొని దాచేవాణ్ని. పాత రీపెయింట్లలో తీర్పు చెప్పేముందు ఇంకో ప్రశ్న దాటాలి: ఇది కర్మాగారంలో వచ్చిన రంగేనా?

అందరికీ తెలిసిన కేసు బ్లూస్ట్రీక్. డయాక్లోన్‌లో నీలి ఫెయిర్‌లేడీ ఉండేది, హాస్‌బ్రో తొలి ప్రచార చిత్రాల్లో బ్లూస్ట్రీక్ ఆ నీలంలోనే కనిపిస్తాడు. దుకాణంలో కొన్నవారి చేతికి మాత్రం వెండి రంగు వచ్చింది. దాంతో నీలి బ్లూస్ట్రీక్ అనగానే ధరలు ఎగబాకుతాయి, ధర ఉన్నచోటికి రంగులద్దిన బొమ్మలు చేరతాయి. నేను ఎప్పుడూ చూసే చోట్లు ఇవి. మరలను విప్పి మర కూర్చునే గొట్టం లోపల చూస్తాను. రంగులో నానబెట్టిన ప్లాస్టిక్‌లో రంగు అక్కడ పలచబడుతుంది లేదా మడుగులా చేరుతుంది. చక్రం వెనకవైపు, తొడ లోపలివైపు చూస్తాను; చేత్తో పెయింట్ వేసినవారు అక్కడిదాకా వెళ్లరు. గీతల్లో పెయింట్ నిండి గీత లోతు తగ్గిందా అని గోరుతో తడుముతాను. చివరగా చిహ్నాల అంచులు చూస్తాను; కర్మాగారంలో ప్యాడ్‌తో ముద్రించిన ట్యాంపోకు పలచటి, కోసినట్టున్న అంచు ఉంటుంది, అతికించిన డెకాల్ చుట్టూ మెరిసే పొర కనిపిస్తుంది.

ఇక కొన్ని రీపెయింట్లు రంగు వల్లే చనిపోతాయి. 1988లో జపాన్‌లో వచ్చిన బ్లాక్ జరాక్ స్కార్పొనాక్ మోల్డ్‌కు వచ్చిన రూపం. దాంట్లో బంగారు మెరుపు కలిపిన ప్లాస్టిక్ భాగాలున్నాయి. ఆ రకం ప్లాస్టిక్ కాలం గడిచేకొద్దీ పెళుసై, డబ్బాలో కదలకుండా ఉన్నా పగిలిపోతుంది. సేకర్తలు దాన్ని బంగారు ప్లాస్టిక్ జబ్బు అంటారు. అలాంటి బొమ్మను కొన్నాక మడవకూడదు, మడిచి చూడకుండా కొననూ కూడదు. ఈ ముడి నేనైతే విప్పలేకపోయాను, అందుకే కొనలేదు.

అచ్చు_మేస్త్రి

డబ్బా గారు చెప్పినది మోల్డింగ్ వైపు నుంచి కూడా అర్థమవుతుంది. మెరుపు రేకులు కలిపిన దానా కరిగి పారినప్పుడు ఆ రేకులు ప్రవాహం దిక్కుకు తిరుగుతాయి. రెండు ప్రవాహాలు ఎదురెదురుగా వచ్చి కలిసేచోట సుడిలాంటి గీత కనిపిస్తుంది. ఆ గీత దగ్గర ప్లాస్టిక్ ఎప్పుడూ బలహీనమే. పిన్ను దిగే రంధ్రం చుట్టూ అలాంటి గీత ఉంటే జాగ్రత్త పడాలి. ఈ కాలపు రీపెయింట్లలోనూ మెరుపు ప్లాస్టిక్ చూస్తే నేను ముందు పిన్నుల దగ్గరే చూస్తాను.

కొత్తగా_చేరాను

పెద్దలందరికీ నమస్కారం. ఈ చర్చ మొత్తం చదివాను. నాకొక సందేహం, అర్జెంటుగా. విజయవాడలో ఒకాయన 1985 నాటి రెడ్ అలర్ట్ అమ్ముతున్నారు, డబ్బా లేదు. మామూలు రెడ్ అలర్ట్ తెలుపు, ఎరుపు కదా. ఇందులో తెల్ల భాగాలు మీగడ రంగులో ఉన్నాయి, ఇది కర్మాగారంలో వచ్చిన అరుదైన రంగని, అందుకే ధర ఎక్కువని అంటున్నారు. విదేశాల నుంచి కొత్తవి తెప్పిద్దామంటే 2020లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది, పైగా 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర నిబంధన కూడా ఉంది. అందుకే మన దగ్గర దొరికేదే కొందామని చూస్తున్నాను. ఏం చేయమంటారు?

పాత_డబ్బా

బాబూ, తొందరపడకండి. సైడ్‌స్వైప్ మోల్డ్‌కే పైన లైట్ల పట్టీ పెట్టి అగ్నిమాపక అధికారి కారుగా చేసినది రెడ్ అలర్ట్. ఏబీఎస్ ప్లాస్టిక్‌లోని బ్యుటాడైన్ అనే రబ్బరు భాగం వెలుతురుకు, వేడికి ఆక్సీకరణ చెంది పసుపు తిరుగుతుంది. తెల్ల రీపెయింట్లన్నిటికీ, ప్రౌల్‌కు, మాగ్నస్‌కు, రెడ్ అలర్ట్‌కు, ఈ గతి పట్టవచ్చు. మీగడ రంగు అన్న మాట వినగానే నాకు కిటికీ పక్క అలమార గుర్తొస్తుంది.

ఆయన్ను ఇలా అడగండి: బొమ్మను తెల్ల కాగితం మీద పెట్టి పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయమనండి, కాగితం కూడా పసుపుగా కనిపిస్తే ఫొటోను నమ్మకండి. కారు రూపంలోనూ, రోబో రూపంలోనూ తీయమనండి. కారు రూపంలో లోపల దాగి ఉండే తెల్ల భాగాలు, రోబోగా విప్పినప్పుడు బయటపడేవి, బయటి భాగాల కన్నా తెల్లగా ఉంటే అది ఎండ పని. కర్మాగారంలో మీగడ రంగు దానా పోసి ఉంటే లోపలా బయటా ఒకే మీగడ ఉండాలి.

డాలస్_వాసి

ఇంకోటి కలుపుతాను. హైడ్రోజన్ పెరాక్సైడ్, అతినీలలోహిత కాంతితో తెల్లబరిచే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది, రెట్రోబ్రైట్ అంటారు. పసుపు తగ్గుతుంది కానీ కొంతకాలానికి మళ్లీ తిరిగి రావచ్చు, సరిగా చేయకపోతే చారలు పడతాయి. చారలున్న తెలుపు కనిపిస్తే అదీ అడగండి. దాన్ని చేయించి దాచి అమ్మేవారు ఇక్కడ కూడా ఉన్నారు.

అయితే ఒక మాట: వింత రంగు ప్రతిసారీ మోసం కాదు. మన దేశంలో ఫన్‌స్కూల్ తయారుచేసిన జీఐ జో బొమ్మలు అమెరికాలో ఎక్కడా లేని రంగుల కలయికల్లో వచ్చాయి, ఇక్కడి సేకర్తలు వాటిని వెతుక్కుని కొంటారు. కాబట్టి కర్మాగారంలో పుట్టిన వింత రంగు అనేది నిజంగానే ఉంటుంది. దాన్ని నిరూపించవలసిన బాధ్యత మాత్రం అమ్మేవాడిది.

కొత్తగా_చేరాను

ఫొటోలు వచ్చాయి. కాగితం తెల్లగానే ఉంది. కారు పైభాగంలో ఎడమవైపు మీగడ ఎక్కువ, కుడివైపు తక్కువ. రోబోగా విప్పి తీసిన ఫొటోలో లోపలి భాగాలు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక మర విప్పి తీసినది కూడా పంపారు, ఆ గొట్టం లోపల మంచి తెలుపు. ఎరుపు భాగాల్లో తేడా ఏమీ కనిపించలేదు. లైట్ల పట్టీ ఉంది. ఆయన ఇప్పటికీ అరుదైన రంగనే అంటున్నారు.

పాత_డబ్బా

ఎడమ కన్నా కుడి తెల్లగా ఉందంటే ఎడమవైపు కిటికీకి తిరిగి ఉంది. మాట అక్కడితో తేలిపోయింది. అది కర్మాగారపు రంగు కాదు, మామూలు రెడ్ అలర్టే. పసుపు తిరిగిన మామూలు రెడ్ అలర్ట్ ధర ఎంతో అంతే ఇస్తానని చెప్పండి. లైట్ల పట్టీ చాలా బొమ్మల్లో పోతుంది, అది ఉండడం మంచి విషయం. దాని కోసం కాస్త ఎక్కువ ఇచ్చినా తప్పులేదు, రంగు పేరు చెప్పి అడిగితే మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

అచ్చు_మేస్త్రి

డబ్బా గారి మాటకు నా వైపు నుంచి చేర్పు. ఎండ తిన్న ఏబీఎస్ పసుపు తిరగడంతో ఆగదు, పైపొర పెళుసవుతుంది. ఆయన్ను బొమ్మను ఒకసారి కారు నుంచి రోబోగా మార్చుతూ వీడియో తీయమనండి. ఎడమవైపు పిన్నులు దిగిన రంధ్రాల దగ్గర వెంట్రుకలాంటి పగుళ్లు ఉన్నాయేమో దగ్గరగా చూపించమనండి. పగుళ్లు లేకపోతే తీసుకోండి. కొన్నాక ఎండ తగలని అలమారలో, కారు రూపంలో కాకుండా రోబో రూపంలో పెట్టండి, కీళ్ల మీద ఒత్తిడి తక్కువుంటుంది. తెల్లబరిచే ప్రయోగం మాత్రం పిన్నులు దిగి ఉన్న భాగాల మీద చేయవద్దు, పెరాక్సైడ్ ద్రావణం రంధ్రంలోకి దిగి లోపలి ఉక్కు పిన్నుకు తుప్పు పట్టిస్తుంది.

కొత్తగా_చేరాను

వీడియో అడిగాను. ఎడమ పక్క ఒక పిన్ను దగ్గర సన్నటి గీత ఉంది, అది పగులో మోల్డ్ గీతో తెలియడం లేదు. ఫొటో ఇక్కడ పెడుతున్నాను.

అచ్చు_మేస్త్రి

చూశాను. మోల్డ్ గీత అయితే కుడివైపు భాగం మీద కూడా అదే చోట, అదే పొడవుతో ఉండాలి, వేలుతో తడిమితే కాస్త ఉబ్బుగా తగలాలి. మీ ఫొటోలో కుడివైపు ఏమీ లేదు, ఎడమవైపు గీత పిన్ను అంచు నుంచి మొదలై బయటికి సన్నబడుతూ పోయింది. అది పగులే. ఆ భాగాన్ని రోబో రూపంలో కదపకుండా ఉంచగలిగితే బొమ్మ నిలుస్తుంది. ధరలో ఆ ఒక్క భాగం పోయినట్టుగా లెక్కవేసి అడగండి, అంతకు పైన అడిగితే వదిలేయండి.